ముప్పై నాలుగున్నర గంటల రోజు

హైదరాబాదు నుంచి అమెరికా వెళ్ళే విమానం టికెట్టు మీద జులై 28, తెల్లవారుజామున 4 గంటలు అని ఉందనుకుందాం. అక్కడి నుంచి గూడూరుకు వచ్చిన కుటుంబానికి సెలవులు ముగిసేది 27వ తేదీ సాయంత్రమే. 28 రాత్రికి బండి మాట్లాడి పెట్టుకున్నారా, విమానం ఎగిరిపోయి పదహారు గంటలు దాటి ఉంటుంది. అర్ధరాత్రి తర్వాత బయలుదేరే విమానాలతో మొదటి చిక్కు ఇది. టికెట్టు మీది తేదీ ఒకటి, ఇల్లు కదలాల్సిన తేదీ ఇంకొకటి.

రెండో చిక్కు ఇంకా తమాషాగా ఉంటుంది. నాలుగింటికి హైదరాబాదులో ఎక్కిన పిల్లవాడు దుబాయ్‌లోనో దోహాలోనో మారి, దాదాపు ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం చేసి డల్లాస్‌లో దిగేసరికి అక్కడ అదే 28వ తేదీ, సాయంత్రం నాలుగున్నర. వేసవిలో టెక్సస్ గడియారం మన కంటే పదిన్నర గంటలు వెనక. అంటే గూడూరులో 28వ తేదీకి 24 గంటలే ఉంటే, ఆ పిల్లవాడికి ఆ ఒక్క తేదీలో 34న్నర గంటలు. దానికి ముందు 27 పగలంతా పెట్టెలు, వీడ్కోళ్ళు. ఇవన్నీ కలిపితేనే సెలవుల ఆఖరి రోజు. ఇంత పొడుగు రోజులో పిల్లలకంటూ మిగిలేది ఎంత అని చూస్తే మాత్రం లెక్క చాలా చిన్నది.

తెలుగునాట గూడూర్లు చాలా ఉన్నాయి. చెన్నై రైలు మార్గంలో జంక్షన్ ఉన్న గూడూరు వేరు, కృష్ణా జిల్లాలోది వేరు, మహబూబాబాద్ జిల్లాలోది వేరు. ఈ గూడూరు కర్నూలుకు పడమరగా దాదాపు 30 కిలోమీటర్ల దూరంలో, కోడుమూరు, ఎమ్మిగనూరుల వైపు ఉండే పట్టణం. మగ్గాల చప్పుడు వినిపించే నేతగాళ్ళ ఊరు. (ఫోనులో బండి బుక్ చేసేటప్పుడు ఏ గూడూరును నొక్కుతున్నారో ఒకసారి చూసుకోవాలి. నెల్లూరు దారిలో ఉన్న గూడూరు పేరే ముందు వస్తుంది.) ఇక్కడా, ఎమ్మిగనూరులోనూ, ఆదోనిలోనూ ఇంజినీరింగు చదివి హైదరాబాదు, బెంగళూరుల మీదుగా అమెరికా చేరినవాళ్ళ ఇళ్ళు వీధికొకటైనా కనిపిస్తాయి. 2010 నుంచి 2017 మధ్య అమెరికాలో తెలుగు మాట్లాడేవాళ్ళు 86 శాతం పెరిగారనీ, అక్కడి పెద్ద విదేశీ భాషల్లో అంత వేగంగా పెరిగింది మరొకటి లేదనీ ఆ దేశపు జనగణన లెక్కల ఆధారంగా వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. 2017 నాటికే వాళ్ళ సంఖ్య 4 లక్షలు దాటింది. వాళ్ళ పిల్లలు చాలామంది అక్కడే పుట్టినవాళ్ళు, చేతిలో అమెరికా పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు. ఆ పిల్లలకు విదేశయాత్ర అంటే గూడూరు రావడమే. మనవాళ్ళు సింగపూరులోనో బ్యాంకాక్‌లోనో గడిపే ఆఖరి రోజు గురించి ఎవరైనా చెబుతారు. ఎదురు దిక్కు నుంచి వచ్చే ఈ పిల్లల ఆఖరి రోజు గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ.

వీళ్ళు వచ్చే కాలమే ఒక ఇబ్బంది. టెక్సస్‌లో బడులు మే నెలాఖరుకు మూసి ఆగస్టు నడిమికి తెరుస్తారు. మన దగ్గర ఏప్రిల్ చివర మూసి జూన్ రెండో వారంలో తెరుస్తారు. టికెట్టు, ఆఫీసు సెలవు అన్నీ కుదిరి అమెరికా పిల్లలు దిగేది జూన్‌లోనో జులైలోనో. అప్పటికి ఇక్కడి అన్నా చెల్లెళ్ళు, బావా మరదళ్ళు పొద్దున్నే యూనిఫాం వేసుకుని బడికి పోతుంటారు. క్రిస్మస్ సెలవుల్లో వచ్చినవాళ్ళకు ఇంకొక నష్టం. జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర మొదలయ్యే ముందే వాళ్ళ బడి తెరిచేస్తారు. రథాన్ని, జాతరలోని ఎద్దుల సంతను వాళ్ళు చూసేది వీడియోలోనే.

కర్నూలుకు ఇప్పుడు విమానాశ్రయం ఉంది. ఓర్వకల్లులో 2021 మార్చిలో ప్రారంభమైంది, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. కానీ అక్కడి నుంచి పరదేశానికి విమానం లేదు. గూడూరు నుంచి కర్నూలు చేరి, 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, తుంగభద్ర దాటి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, జడ్చర్ల, షాద్‌నగర్‌ల మీదుగా హైదరాబాదు విమానాశ్రయం ఉన్న శంషాబాద్ చేరాలి. రెండు వందల కిలోమీటర్లకు పైనే. ఎమ్మిగనూరు, ఆదోనివాళ్ళు మంత్రాలయం, రాయచూరు, మహబూబ్‌నగర్ మీదుగా వచ్చే 167వ నంబరు రహదారి పట్టుకుని జడ్చర్లలో కలవచ్చు. ఇదే 44వ నంబరు రోడ్డు దక్షిణంగా పోతే బెంగళూరు విమానాశ్రయం కూడా ఊరికి ఇవతలే, దేవనహళ్ళి దగ్గర తగులుతుంది. రెండు పెద్ద విమానాశ్రయాలూ 2008లోనే తెరుచుకున్నాయి. ఆ రకంగా పడమటి కర్నూలు మరీ మూలన పడిన ప్రాంతమేమీ కాదు. శంషాబాద్ లేని రోజుల్లో ఈ ప్రాంతానికి దిక్కు ఆదోని రైల్వే స్టేషను. చెన్నై, ముంబై ప్రధాన మార్గంలో ఉన్న ఊరు కాబట్టి రాత్రి రైలెక్కితే మర్నాటికి బొంబాయి.

ఇప్పుడు వెనక్కి లెక్కపెట్టుకుందాం. విమానం నాలుగింటికి. మూడు గంటల ముందు, అంటే ఒంటిగంటకు విమానాశ్రయంలో ఉండాలి. దారి నాలుగు నుంచి నాలుగున్నర గంటలు. పిల్లలున్న బండి ఎక్కడో ఒకచోట ఆగకుండా పోదు, దానికొక అరగంట. వానాకాలం కనుక ఇంకొక అరగంట. ఏడింటికి, మహా అయితే ఏడున్నరకు గూడూరులో బండి కదలాలి. బడికి పోయిన పిల్లలు ఇల్లు చేరేది సాయంత్రం నాలుగున్నర, ఐదు. అక్కడి పిల్లలూ ఇక్కడి పిల్లలూ కలిసి ఉండేది ఆ రెండు, రెండున్నర గంటలు. ఆఖరి రోజులో పిల్లలకు దక్కే భాగం అదే. పెద్దవాళ్ళు ఇంకా కొక్కెం పట్టని పెట్టెతో కుస్తీ పడుతుంటే, ఇంటికొచ్చిన బంధువులు పిల్లలను ఒక్కొక్కరిగా ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఫొటోలు దిగుతుంటే, ఆ రెండు గంటలూ కూడా చేజారిపోతాయి.

పెట్టెల సంగతి కాస్త దగ్గర నుంచి చూడాలి. అమెరికా ప్రయాణానికి సాధారణ తరగతిలో చాలా విమాన సంస్థలు మనిషికి రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోల చొప్పున అనుమతిస్తాయి. రెండేళ్ళు దాటిన పిల్లలకూ టికెట్టు విడిగానే, పెట్టెలూ పూర్తిగానే. నలుగురికి ఎనిమిది పెట్టెలు, 184 కిలోలు. వచ్చేటప్పుడు సగం చాక్లెట్లు, సబ్బులు, షాంపూలతో వచ్చిన ఆ ఎనిమిదీ పోయేటప్పుడు నిండితే గానీ ఇంట్లో పెద్దవాళ్ళ మనసు నిండదు. పడకగదిలో పెట్టె తెరిచి ఉంటుంది. అడుగున ఎమ్మిగనూరు దుప్పట్లు, 1938లో మాచాని సోమప్ప పెట్టిన నేత సహకార సంఘంతో పేరు తెచ్చుకున్న ఊరివి. వాటి మీద రెండు చీరలు. చీరల మడతల్లో, బట్టల నడుమ, నాలుగు పొరల ప్లాస్టిక్ సంచిలో చుట్టి దారంతో బిగించిన మామిడికాయ ఊరగాయ. పక్కన చెనిక్కాయల పొడి, గురెళ్ళ పొడి, నిప్పట్లు, కజ్జికాయలు. తూకం చేతికి వేలాడదీసే చిన్న కాటాతో. అది లేని ఇంట్లో మనుషులు తూగే కాటా మీద ముందు అల్లుడు ఒట్టి చేతులతో నిలబడతాడు, తర్వాత పెట్టె ఎత్తుకుని నిలబడతాడు. తేడా 24.6 వచ్చిందంటే ఏది తీయాలన్న చర్చ మొదలు. ఊరగాయ తీయరు. చివరికి బయటికొచ్చేది పిల్లవాడు పోగుచేసుకున్న రాళ్ళ సంచి, మట్టి ఎద్దుల బండి. ఎందుకంటే ఆ చర్చలో వాడికి ఓటు లేదు.

నిజానికి తీయాల్సినవి వేరే ఉన్నాయి, వాటి జోలికి ఎవరూ పోరు. ఎండు కొబ్బరి చిప్పలు అందులో మొదటివి. నూనె ఎక్కువగా ఉండి, వేడికి తనంతట తానే రాజుకునే స్వభావం వల్ల ఎండు కొబ్బరిని విమానయానంలో ప్రమాదకర వస్తువుల్లో చేర్చారు. సామాన్ల పెట్టెలోనూ పెట్టకూడదు. కారప్పొడి, మిరపకాయ ఊరగాయ చేతి సంచిలో కుదరవు, పెద్ద పెట్టెలో సరే. నెయ్యి చేతి సంచిలో వంద మిల్లీలీటర్లకు మించితే భద్రతా తనిఖీ దగ్గరే ఆగిపోతుంది. పవర్ బ్యాంకు సంగతి దానికి తలకిందులు, అది చేతి సంచిలోనే ఉండాలి. గసగసాలు దుబాయ్ మీదుగా పోయేవాళ్ళు పెట్టుకోనే కూడదు. అక్కడ అవి నిషిద్ధం, మసాలా కోసమని చెప్పినా చెల్లదు.

అమెరికా గడప దగ్గర ఇంకొక జాబితా ఉంది. కోడి పచ్చడి, మటన్ పచ్చడి, ఏ రకం మాంసమైనా కుదరదు. పచ్చి కరివేపాకు కుదరదు, నిమ్మజాతి చెట్లకు పట్టే తెగులు దాని ద్వారా వస్తుందని. మామిడిపండ్లు పెట్టెలో కుదరవు. 2007 నుంచి మన మామిడి అమెరికాకు పోతున్నా, అది వికిరణంతో శుద్ధి చేసి వ్యాపారులు పంపే సరుకే. అన్నిటికన్నా కర్నూలువాళ్ళను బాధపెట్టేది బియ్యం. ధాన్యాన్ని తొలిచేసే ఖాప్రా అనే పురుగు మన దేశంలో ఉంది కనుక, ప్రయాణికులు మన బియ్యం వెంట తెచ్చుకోవడాన్ని 2011 నుంచి అమెరికా ఆపేసింది. తర్వాత శనగలను కూడా ఆ వరుసలో చేర్చింది. ఊరు పేరుతోనే అమ్ముడయ్యే కర్నూలు సోనా పండే నేల నుంచి పిడికెడు బియ్యం పోవడానికి లేదు. శాకాహార ఊరగాయలు, వండిన పిండివంటలు, పొడులు మామూలుగా పోతాయి, కానీ ఏముందో అడిగినప్పుడు చెప్పాలి. దాచి పట్టుబడితే మొదటిసారికే వెయ్యి డాలర్ల దాకా జరిమానా పడవచ్చు. అబుధాబి మీదుగా షికాగో, న్యూయార్క్ వెళ్ళేవాళ్ళకు ఈ ప్రశ్నలు అబుధాబిలోనే ఎదురవుతాయి. అమెరికా ఇమిగ్రేషన్, కస్టమ్స్ తనిఖీ 2014 నుంచి అక్కడే జరుగుతోంది. నిద్రమొహం పిల్లలతో అమెరికాలో దిగాక గంటసేపు వరసలో నిలబడే బాధ తప్పుతుంది, చిన్న పిల్లలున్నవాళ్ళు టికెట్టు కొనేటప్పుడే చూసుకోదగిన సంగతి.

బియ్యం దగ్గర నియమానికీ ఆచారానికీ నేరుగా ముఖాముఖి పడుతుంది. పుట్టింటికి వచ్చిన కూతురిని ఒడి నింపకుండా పంపరు. ఆ ఒడిలో పడేది బియ్యమే. కొందరు ఆ బియ్యాన్ని మధ్యాహ్నమే వండి కూతురికి, అల్లుడికి, పిల్లలకు పెట్టేస్తారు. కొందరు హైదరాబాదులో ఉన్న చెల్లెలి ఇంటికి చేర్చమని డ్రైవర్ చేతికిస్తారు. ముహూర్తానిదీ ఇదే కథ. విమానానికి రాహుకాలం తెలియదు, వర్జ్యం తెలియదు. శుక్రవారం ఆడపిల్లను ఇల్లు కదిలించకూడదన్న పట్టింపు దానికి లేదు. దీనికి మనవాళ్ళు ఎప్పుడో కనిపెట్టిన ఉపాయం ప్రస్థానం. మంచి ఘడియలో ఒక సంచి తీసుకెళ్ళి ఎదురింట్లో పెట్టి వస్తే ప్రయాణం అప్పుడే మొదలైనట్టు. అసలు బండి తర్వాత ఎప్పుడు కదిలినా ఫరవాలేదు. తేదీలను, గడియారాలను ఇలా మనకు అనువుగా సర్దుకోవడంలో విమాన సంస్థలు మనకేం కొత్త నేర్పలేదు.

ఈ హడావుడిలో పొద్దున ఎవరో ఒకరు అననే అంటారు: ‘‘ఇంత దూరం వచ్చి రాఘవేంద్రస్వామి దర్శనం చేసుకోకుండా ఎట్లా పోతారు? పదండి, మధ్యాహ్నానికల్లా వచ్చేద్దాం.’’ మంత్రాలయం దగ్గరే. 1671లో రాఘవేంద్రులు బృందావన ప్రవేశం చేసిన చోటు. కర్నూలు జిల్లాలో పుట్టినవాళ్ళకు ఆ మాట తీసెయ్యడం కష్టం. దారిలోనే ఉన్నాయి కదా అని కర్నూలులో కొండారెడ్డి బురుజు, రోడ్డు నుంచి కాస్త పక్కకు పోతే అలంపురం గుళ్ళు కూడా జాబితాలో చేరతాయి. నెల రోజులు ఇంట్లోనే ఉండి ఆఖరి పూట అన్నీ గుర్తురావడం మన అలవాటు. మంత్రాలయం మొదటి వారంలో పోవాలి. ఆఖరి రోజు ఎండలో వరస, వానలో తిరుగు ప్రయాణం, ఆ రాత్రి మళ్ళీ నాలుగు గంటల బండి, ఆ పైన ఇరవై మూడు గంటల విమానం. ఐదేళ్ళ పిల్లకు ఇది పుణ్యమో శిక్షో దేవుడికే తెలియాలి.

కడుపు సంగతి కూడా ఆ రోజే చెడుతుంది. సొంత ఊరికి, సొంత మనుషుల దగ్గరికి వచ్చే ప్రవాసులకు హోటళ్ళలో దిగే యాత్రికుల కంటే టైఫాయిడ్ వంటి జబ్బులు ఎక్కువగా అంటుకుంటాయని ప్రయాణ వైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు. కారణం సులువే. హోటల్లో సీసా నీళ్ళు అడిగే మనిషి అత్తగారింట్లో అడగడు. మొదటి వారం కాచి చల్లార్చిన నీళ్ళే తాగించిన తల్లి నాలుగో వారానికి పట్టు సడలిస్తుంది. ఆఖరి సాయంత్రం బజారు బజ్జీ కావాలని పిల్లలు గోల పెడతారు. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ లేకుండా ఈ సీమలో పలహారమేముంది? ఇంట్లోనే వేడిగా వేసి పెడితే ఆ కోరికా తీరుతుంది, విమానంలో బాధా ఉండదు. చేతి సంచిలో ఓఆర్ఎస్ పొట్లాలు రెండు, ఒక జత బట్టలు అదనం, ఆ మాత్రం చాలు.

ఆఖరి రోజు బాగుంటేనే సెలవులన్నీ బాగున్నట్టు గుర్తుంటుందన్న మాట ఈ మధ్య చాలాచోట్ల వినిపిస్తోంది. దాని వెనక ఒక పరిశోధన ఉంది. మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్, బార్బరా ఫ్రెడ్రిక్సన్, మరికొందరు 1993లో ఒక ప్రయోగం ప్రచురించారు. చల్లటి నీళ్ళలో నిమిషం చెయ్యి ఉంచడం ఒకటి, అదే నిమిషానికి మరో అరనిమిషం కలిపి ఆ అరనిమిషంలో నీళ్ళను కొద్దిగా వేడెక్కించడం ఒకటి. మళ్ళీ ఏది చేస్తారంటే ఎక్కువమంది పొడుగుదే ఎంచుకున్నారు. బాధ మొత్తం ఎక్కువే అయినా ముగింపు మెరుగ్గా ఉంది కనుక. ఒక అనుభవాన్ని తలచుకునేటప్పుడు మనసు దాని తారస్థాయినీ ముగింపునూ పట్టుకుంటుందన్న సూత్రం ఇక్కడి నుంచి వచ్చింది. కానీ నీళ్ళ గిన్నెకూ నెల రోజుల సెలవులకూ చాలా దూరం. న్యూజిలాండ్‌లో సైమన్ కెంప్ బృందం 2008లో ఈ సూత్రాన్ని నిజంగానే సెలవుల మీద పరీక్షించింది. వారం రోజుల సెలవుల్లో విద్యార్థులు రోజూ ఎంత సంతోషంగా ఉన్నారో నమోదు చేసి, తర్వాత మొత్తం ఎలా ఉందని అడిగింది. ముగింపుకు అంత బలం కనిపించలేదు. బాగా గుర్తుండిపోయిన, మామూలుకు భిన్నమైన ఒక రోజు ఎలా గడిచిందన్నదే మొత్తం జ్ఞాపకానికి దగ్గరగా వచ్చింది. ఆఖరి రోజును పండగ చేసి తీరాలన్న తాపత్రయం పెద్దలకు అక్కర్లేదని దీన్నిబట్టి అనుకోవచ్చు. మిద్దె మీద పడుకుని చుక్కలు లెక్కపెట్టిన రాత్రి రెండో వారంలో ఎప్పుడో వచ్చి ఉంటుంది, దాని పని అది చేసేసి ఉంటుంది.

మరీ చిన్న పిల్లల విషయం వేరు. పెద్దయ్యాక మనుషులు చెప్పుకోగలిగే తొలి జ్ఞాపకాలు సగటున మూడు, మూడున్నరేళ్ళ వయసువి. రెండేళ్ళ పాపకు ఈ గూడూరు ఏదీ మిగలదు. నాలుగైదేళ్ళవాళ్ళకు మిగిలేది తర్వాత ఇంట్లో జరిగే మాటల మీద ఆధారపడుతుంది. జరిగిపోయిన వాటి గురించి పిల్లలతో వివరంగా, ప్రశ్నలు వేస్తూ మాట్లాడే తల్లిదండ్రుల పిల్లలకు జ్ఞాపకాలు చిక్కగా ఉంటాయని అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయానికి చెందిన రాబిన్ ఫివుష్ వంటి పరిశోధకులు చూపించారు. ‘‘మగ్గం కింద గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్నావు గదా, అప్పుడు తాత ఏమన్నాడు?’’ అనే రకం మాటలు. తీసిన వెయ్యి ఫొటోల కంటే అవి ఎక్కువ పని చేస్తాయి.

వీడ్కోలు విషయంలో మన పెద్దవాళ్ళు ఒక పని చేస్తారు, అది మానుకోవాలి. పిల్ల ఏడుస్తుందని ‘‘అంగడికి పోయొద్దాం రా’’ అని బండి ఎక్కించేయడం. మెలకువ వచ్చేసరికి శంషాబాద్ దీపాలు, అవ్వ లేదు. చిన్న పిల్లలకు ఎల్లుండి, వచ్చేవారం వంటి మాటలు అందవు. కానీ ‘‘ఉగ్గాని తింటాం, అన్నవాళ్ళు బడి నుంచి వస్తారు, ఆడుకుంటారు, స్నానం చేస్తాం, అవ్వకు టాటా చెప్తాం, బండి ఎక్కుతాం’’ అంటే అందుతాయి. ఏడిస్తే ఏడవనివ్వాలి. అవ్వ కూడా ఏడుస్తుంది, దిష్టి తీసి ఉప్పూ మిరపకాయలూ పొయ్యిలో వేసి వచ్చాక.

వీడ్కోలు ఇంటి దగ్గర చెప్పుకోవడమే మేలు అనడానికి ఇంకొక కారణం ఉంది. టికెట్టు లేనివాళ్ళను మన దేశంలో మామూలుగా విమానాశ్రయం లోపలికి పోనివ్వరు. ద్వారం దగ్గర సీఐఎస్ఎఫ్ జవాను టికెట్టు, పాస్‌పోర్టు చూసి లోపలికి పంపిస్తాడు, వెంట వచ్చిన పదిమందీ బయటే. రాత్రి పన్నెండున్నరకు, కార్లు వరసకట్టిన చోట, ఎనిమిది పెట్టెలు రెండు ట్రాలీల మీదికి ఎక్కించే గందరగోళంలో తాతను సరిగ్గా చూడనైనా చూడలేరు. బండిలో అంతమంది కూర్చోవడం కూడా మంచిది కాదు. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకు సీటు బెల్టో, పిల్లల సీటో ఉండాలని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం చెబుతోంది. అమెరికాలో సీటు బెల్టు కట్టనిదే కారు కదిలించని తల్లిదండ్రులు ఇక్కడ ఇన్నోవాలో ముగ్గురు పిల్లలను ఒళ్ళలో సర్దేసి, రాత్రి లారీలతో నిండిన జాతీయ రహదారి ఎక్కడం చూస్తుంటాం.

ఈ ప్రాంతానికి పిల్లలతో ఇల్లు విడిచిపోవడం కొత్తేమీ కాదు. ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, మంత్రాలయం చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఏటా పంట కోతల కాలంలో గుంటూరు వైపు పత్తి, మిరప పనులకు కుటుంబాలు కదిలిపోతాయి. సుగ్గికి పోవడం అంటారు. పిల్లలను అవ్వాతాతల దగ్గర వదిలిపెడతారు, లేదంటే బడి మాన్పించి వెంట తీసుకుపోతారు. బడి పోకూడదని ప్రభుత్వం సీజనల్ హాస్టళ్ళు నడుపుతుంటుంది. అమెరికా పెట్టెలు సర్దే వీధికీ, సుగ్గికి లారీ ఎక్కే వీధికీ ఒక్కోసారి నాలుగు సందుల దూరమే.

మళ్ళీ అమెరికా ప్రయాణానికి వస్తే, బయలుదేరేముందు చూసుకోవాల్సిన కాగితాలు మూడే. అమెరికాలో పుట్టిన పిల్లవాడికి పాస్‌పోర్టు, భారత సంతతి విదేశీయులకిచ్చే ఓసీఐ కార్డు. పదహారేళ్ళ లోపు పిల్లల అమెరికా పాస్‌పోర్టు గడువు ఐదేళ్ళే. ఇరవై ఏళ్ళ లోపు పాస్‌పోర్టు మారిన ప్రతిసారీ కొత్త ఓసీఐ కార్డు తీసుకోవాలన్న నియమాన్ని 2021లో తీసేశారు, కొత్త పాస్‌పోర్టు కాపీ, ఫొటో మూడు నెలల్లోపు ఆన్‌లైన్‌లో పెట్టాలి. తల్లి ఒక్కతే పిల్లలతో వెళుతుంటే తండ్రి సమ్మతి పత్రం. ఇవి పెద్ద పెట్టెలో దుప్పట్ల అడుగున కాదు, చేతి సంచిలో ఉండాలి.

విమానం ఎక్కాక పిల్లలు ఏడ్చేది పైకి లేచేటప్పటి కంటే కిందికి దిగేటప్పుడు. లోపలి గాలి ఒత్తిడి దిగేకొద్దీ పెరుగుతుంది. చెవి నుంచి గొంతులోకి ఉండే సన్నటి నాళం చిన్న పిల్లల్లో ఇంకా ఇరుకుగా, అడ్డంగా ఉంటుంది, ఒత్తిడి సర్దుబాటు కావడం ఆలస్యం. మింగుతూ ఉంటే ఆ నాళం తెరుచుకుంటుంది. పసిపిల్లకు దిగే అరగంట ముందు నుంచి పాలు పట్టాలి, పెద్దపిల్లలకు నీళ్ళో చప్పరించే బిళ్ళో ఇవ్వాలి. జలుబు మందును నిద్రమందుగా వాడే అలవాటు కొందరిలో ఉంది, పిల్లల డాక్టర్లు దాన్ని వద్దంటారు. కొందరు పిల్లలకు అది నిద్ర తేకపోగా చిరాకు తెస్తుంది.

డల్లాస్‌లో దిగేసరికి గూడూరులో మర్నాడు తెల్లవారుజామున మూడు. శరీరంలోని గడియారం రోజుకు సుమారు గంట చొప్పునే జరుగుతుంది కనుక, వారం పది రోజుల పాటు పిల్లలు గూడూరు సమయంలోనే ఉంటారు. సాయంత్రం ఆరింటికి సోఫాలో వాలిపోతారు. రాత్రి రెండింటికి లేచి కూర్చుని ఆకలంటారు. ఆ రెండింటికి గూడూరులో మధ్యాహ్నం పన్నెండున్నర, అవ్వ జొన్నరొట్టె కాల్చే వేళ. ఏ ఇబ్బందీ లేకుండా ఇద్దరూ ఫోనులో దొరికే వారం అదొక్కటే. తర్వాత బడి తెరుస్తారు, అక్కడ మెలకువగా ఉన్నప్పుడు ఇక్కడ నిద్ర. ఇక కుదిరేది శనివారం పొద్దున తొమ్మిదింటికి, ఇక్కడ రాత్రి ఏడున్నరకు. నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు కాబట్టి, ఆ తర్వాతి శనివారం నుంచి అదే ఫోను గూడూరులో ఎనిమిదిన్నరకు మోగుతుంది.